హోల్డాన్

జల్‌పల్లి చెరువుకు ఇవతల, పహాడీ షరీఫ్ గుట్ట మీది దర్గా కనిపించే ఒక సందు. ఆ సందులో కుట్టు మిషను ఉన్న ఇల్లు. వదిన జాకెట్లు కుడుతుంది. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ ముగిసి మూడేళ్ళయింది. మరిది ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. వదిన ఫైలు చంకన పెట్టుకొని దవాఖాన మెట్లన్నీ ఎక్కిదిగినవాడు ఆయనే. ఈ ఇద్దరూ నేను కల్పించుకున్న మనుషులు. వాళ్ళు మాట్లాడుకునే రోగాలు, మందులు, కోర్టు తీర్పులు మాత్రం కల్పితం కావు.

ఇవాళ మరిది చంకన వేరే ఫైలు ఉంది. అది ఆయన సడ్డకుడిది. దవడ లోపల మానని పుండు. ముక్క తీసి పరీక్షకు పంపారు, రిపోర్టు వచ్చింది. పుండు ఎవరిదో ఆ మనిషికి తప్ప ఇంట్లో అందరికీ సంగతి తెలుసు. రేపు పొద్దున సర్జన్‌ను కలవాలి.

మరిది: రేపు నువ్వు మాతోని వస్తే మంచిగుంటది వదినా. దవాఖాన సంగతి నీకు ఎర్క. గాని ఆయన ముందట క్యాన్సర్ అన్న మాట తియ్యకు. నోట్ల పుండు, చిన్న ఆపరేషన్, నాలుగు దినాలల్ల ఇంటికి. గంతే.

వదిన: నాకూ గిట్లనే చెప్పినవ్. "గడ్డ వదినా, తీసేస్తరు, గంతే" అని.

మరిది: చెప్పిన. ఏం తప్పయింది? ఆపరేషన్ కాలేదా? నువ్వు లేచి మిషను తొక్కుతలేవా?

వదిన: తొక్కుతున్న. దవాఖాన గేటు మీద ఇంతింత అక్షరాలతోని క్యాన్సర్ అని రాసి ఉంటే, దాని కిందికెల్లే నన్ను నడిపిచ్చుకపోయినవ్. ఏడో తరగతి దాంక చదివిన దాన్ని, బోర్డు చదవరాదా? లోపట నువ్వు డాక్టర్‌కు సైగ చేసినవ్, ఆయన తల ఊపిండు. నేను గోడకున్న క్యాలెండర్ దిక్కు చూసిన. నెల దినాలు నాకు తెల్వదని మీరనుకున్నరు, తెల్వనట్టే నేనున్న. పగలంత నాటకం ఆడొచ్చు. రాత్రి పూట ఎవరితోని చెప్పుకోవాలె?

మరిది: నువ్వు గట్టిదానివి. అందరు నీ లెక్క ఉండరు. మా సడ్డకుడు సూది చూస్తేనే చెమటలు పట్టే మనిషి. తెలిస్తే ఏం చేస్తడో చెప్పాల్నా? ఆ రాత్రే బస్సెక్కి ఊరికి పోతడు. ఎవడో ఆకు పసరు పోస్తడంటే నోరు తెరుస్తడు. మూడు నెలలైనంక మళ్ళ వస్తడు, అప్పటికి డాక్టర్ చేతుల్ల ఏముండదు. నేను చూసిన వదినా, మన సందులనే చూసిన. చెప్పి చంపుకునుడు కంటే చెప్పక బతికిచ్చుకునుడు మేలు.

(దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. చికిత్స మొదలుపెట్టి మధ్యలో మానేసేవాళ్ళను ప్రతి క్యాన్సర్ దవాఖానా చూస్తూనే ఉంటుంది. మరిది భయం ప్రేమలోంచి వచ్చిన భయమే. కాకపోతే ఆ ప్రేమ మనిషి నెత్తి మీదుగా మాట్లాడుతుంది.)

వదిన: మన సందుల ఆయన పారిపోయింది తెలిసినందుకు కాదు. లక్ష్మణఫలం ఆకుల కషాయం తాగితే కీమో అక్కరలేదని ఫోన్ల ఎవరో పంపిన్రు. అది నిజమా అని డాక్టర్‌ను అడగనీకి ఆయనకు నోరు రాలే. అడిగితే తిడతడని భయం. అందుకే చెప్పకుండ మానేసిండు. నేను కూడ తాగిన తెలుసా, కషాయం? మీ అన్ననే తెచ్చిండు. రెండో కీమో కాడ డాక్టర్‌కు చెప్పేసిన, గిది తాగుతున్న సారూ అని. ఆయన తిట్టలే. "కీమో నడిచినన్ని దినాలు ఏ పసరు వద్దు, లివర్ మీద ఏం పడుతున్నదో నాకు తెలియాలె" అన్నడు. బంద్ చేసిన. గంతే కథ. చెప్పుకునే ధైర్యం ఉన్నోడు పారిపోడు మరిదీ. నోరు కట్టేసినోడే కాళ్ళకు పని చెప్తడు.

మరిది: నీకు ఆ డాక్టర్ దొరికిండు, సరిపోయింది. ఓపీల ఎంతమంది ఉంటరో చూసినవ్ కదా. పొద్దున ఏడింటికి చీటీ తీసుకుంటే మధ్యాహ్నం రెండింటికి పిలుస్తరు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. నువ్వు పుస్తకం తీసి పది ప్రశ్నలు చదివితే, నీ వెనక ఆదిలాబాద్ నుంచి వచ్చినోళ్ళకు ఆఖరి బస్సు దొరకదు. నేను ముప్ఫై ఏండ్లు డ్యూటీ చేసిన. బస్సు నడిచేటప్పుడు డ్రైవర్‌తోని మాట్లాడొద్దు అని రాసి ఉంటది. ఎందుకు రాసిన్రు? ఆయన చూపు రోడ్డు మీద ఉండాలె గనుక.

వదిన: రాసిన్రు. మరి నువ్వెందుకు మాట్లాడుతుంటివి?

మరిది: నేనెక్కడ మాట్లాడిన?

వదిన: హోల్డాన్ అని అరుస్తుంటివి కాదా? ఫుట్‌బోర్డు మీద ముసలమ్మ కాలు ఇంక కిందనే ఉన్నది, బస్సు కదిలింది. డ్రైవర్‌కు కనబడుతదా? ఎంత మంచి డ్రైవరైనా కనబడదు. నీకు కనబడుతది. హోల్డాన్ అంటివి, బండి ఆగింది. నువ్వు స్టీరింగు పట్టినవా? బండి నడుపుడు నేర్పినవా? నేను అడిగేది కూడ ఆ ఒక్క మాటనే. నా కాలు ఎక్కడున్నదో నాకే తెలుసు.

మరిది నవ్వాడు. కండక్టరును కండక్టరు మాటతో కొట్టిందని. పైన విమానం శంషాబాద్ రన్‌వే కోసం దిగుతూ పోయింది. ఆ మోత ఆగేదాకా మాట ఆపడం ఈ ఊరివాళ్ళకు 2008 నుంచీ అలవాటే.

వదిన: గా మాట నేను పుట్టుకతోని నేర్వలే. ఇగో, ఈ మచ్చ చూడు. రెండో కీమో. ఎర్రమందు పెట్టిన్రు, అదే, మూత్రం కూడ ఎర్రగ వస్తది చూడు, ఆ మందు. సూది పెట్టిన కాడ మంట మొదలైంది. నువ్వు బయట కూసున్నవ్. లోపటికి పంపేటప్పుడు ఏం చెప్పినవ్? "సిస్టర్‌లను సతాయించకు వదినా, వాళ్ళకు కోపం వస్తది." పళ్ళు కరుచుకొని పన్న. ఇంత పెద్ద మందు, మండకుంటే ఎట్ల అనుకున్న. పక్క కుర్చీల షాహీన్ నగర్ ఆమె ఉండె. నా మొహం చూసింది, చెయ్యి చూసింది, గట్టిగ కేకేసింది. "సిస్టర్, బంద్ కరో! బంద్ కరో!" సిస్టర్ ఉరికొచ్చి ఆపింది. ఇంక పది నిమిషాలైతే చెయ్యి ఏమయ్యేదో.

(ఎర్రమందు అంటే డాక్సోరూబిసిన్. నరంలో సాఫీగా పోయినంతసేపు మందు. నరం దాటి కండలోకి కారితే చర్మాన్ని కాల్చేస్తుంది. కారుతోందని మొట్టమొదట తెలిసేది కుర్చీలో కూర్చున్న మనిషికే. ఆ మంట ఏ స్కానింగులోనూ కనపడదు. గుండె మీద కూడా పనిచేసే మందు కాబట్టి మొదలుపెట్టే ముందు టూడీ ఎకో తీస్తారు. ఇలాంటి మందు ఎక్కించుకుంటున్న మనిషికి "సతాయించకు" అని చెప్పి పంపడం మన మర్యాద.)

మరిది: నాకు గా సంగతి చెప్పలే నువ్వు.

వదిన: చెప్తే నువ్వు పోయి సిస్టర్‌తోని కొట్లాడేటోనివి. ఆరోగ్యశ్రీ కౌంటర్ కాడ నీ గొంతు వరండ అంత వినబడుతుండె. ఆరోగ్యమిత్ర పిల్లగాడు నిన్ను చూస్తేనే లేచి నిలబడుతుండె. అప్రూవల్ ఎందుకు రాలే, ఏ కాగితం తక్కువైంది, పైసలు ఎవరడిగిన్రు? అన్ని అడిగినవ్. బాగనే అడిగినవ్, నీ పుణ్యాన మాకు రూపాయి అప్పు కాలే. గాని డాక్టర్ గదిలకు పోంగనే చేతులు కట్టుకుంటివి. పైసల కాడ నోరు, పానం కాడ మౌనం. గిదేం లెక్క?

మరిది: పైసల సంగతి నాకు తెలుస్తది. పథకం 2007ల వచ్చిన కాడికెల్లి చూస్తున్న. ఇప్పుడు పది లక్షల దాంక చేసిన్రు, 2023 డిసెంబర్ల. ఏ కాగితం కావాలెనో తెలుసు కాబట్టి అడుగుత. మందుల సంగతి నాకేం తెలుసు? తెల్వని కాడ నోరు తెరుచుడు తెలివా?

వదిన: తెల్వని కాడనే కదా అడగాలె.

మరిది: మాటకు మాట బాగనే చెప్తున్నవ్.

వదిన: సరే, తెలిసిన కాడ చెప్త విను. మూడో కీమో అయినంక తొమ్మిదో దినం. రాత్రి పదకొండింటికి చలి పుట్టింది. థర్మామీటర్ పెడితే నూటొకటి. పిల్లగాడు జ్వరం గోలి ఇచ్చి పొద్దున చూద్దాం అన్నడు. నీకు ఫోన్ చేస్తే నువ్వు కూడ అదే అన్నవ్. అప్పటికి నేను పుస్తకంల రాసుకున్న: కీమో నడిచేటప్పుడు వంద దాటి జ్వరమొస్తే రాత్రి పగలు చూడొద్దు అని. డిశ్చార్జి కాగితం వెనక ఇంగ్లీషుల ఉన్నదాన్ని మా చిన్నది చదివి చెప్పింది. ఆటో మాట్లాడుకొని పోయిన. డ్యూటీ డాక్టర్ "మామూలు జ్వరమే కదమ్మా" అన్నడు. "కాదు సారూ, కీమో అయ్యి తొమ్మిది దినాలు" అన్న. ఆ ఒక్క మాటకు ఆయన లేచి నిలబడ్డడు. రక్తం తీసిన్రు. తెల్ల కణాలు అడుగంటినయి. ఐదు దినాలు పన్న.

మరిది: అండ్ల నాది తప్పే. ఒప్పుకుంటున్న.

(జ్వరం వంద పాయింట్ నాలుగు ఫారన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్. కీమో తర్వాత ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య తెల్ల కణాలు బాగా తగ్గే సమయంలో ఈ అంకె దాటితే అది అత్యవసరం. జ్వరం గోలీ వేడిని దించి, లోపలి ఇన్ఫెక్షన్‌ను కనపడకుండా చేయగలదు. వదిన ఆ రాత్రి వైద్యం చేసుకోలేదు. తేదీ చెప్పింది, అంతే.)

మరిది: సరే వదినా, నువ్వు నేర్చుకున్నవ్. నీకు చదువు కొంత ఉన్నది, బిడ్డ లా చదువుతున్నది. ఓపీల నా పక్కన కూసున్న గోండు అవ్వ ఒకామె ఉండె. తెలుగు కూడ సరిగ రాదు. ఆమెకు ఏ పుస్తకం ఇస్తవు? నోరున్నోళ్ళకే మంచి వైద్యమైతే, నోరు లేనోళ్ళు ఏం గావాలె? రోగమొచ్చిన మనిషి మీదనే ఇంకొక బరువు పెడుతున్నవ్. రోగం మోయ్యాలె, పైసల బుగులు మోయ్యాలె, ఇప్పుడు డాక్టర్ తప్పులు కూడ పట్టాల్నా? నువ్వు బాగ అడిగినవ్ కాబట్టి బతికినవ్ అన్నవనుకో, చచ్చిపోయినోళ్ళు సరిగ అడగలేదన్నట్టు కాదా?

వదిన మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. దీనికి ఆమె దగ్గర వెంటనే జవాబు లేదు. నా దగ్గరా లేదు.

వదిన: ...నిజమే. నాతోని కీమో పెట్టుకున్నోళ్ళల్ల నా కంటే బాగ అడిగే టీచరమ్మ ఉండె. ఆమె లేదిప్పుడు. అడిగితే బతుకుతరని నేననలే. అడిగితే మనిషి లెక్క ఉంటరు. ఇగ గోండు అవ్వ సంగతి... ఆమె పక్కన నువ్వు కూసున్నవ్ కదా. ఎంత సేపు?

మరిది: నాలుగు గంటలు.

వదిన: నాలుగు గంటలల్ల హోల్డాన్ అననీకి నీకు పాయింట్ దొరకలేదా? షాహీన్ నగర్ ఆమె నాకేమైతది? చుట్టమా? నోరు లేనోళ్ళకు పక్క కుర్చీ నోరు. దవాఖానోళ్ళు సక్కగ చూడాలె, చూడాల్సిన బాధ్యత వాళ్ళదే. ఒప్పుకుంట. గాని అది అయ్యే దాంక నా చెయ్యి మండుడు ఆగదు కదా.

మరిది: మా అమ్మకు చెప్పలే. ఆమె ఏం తెల్వకుండ ప్రశాంతంగ పోయింది. నేను అదే చూసుకుంట.

వదిన: నువ్వు నైట్ ఔట్ డ్యూటీల ఉంటివి మరిదీ.

మరిది: అంటే?

వదిన: అంటే ఆ ఆఖరి నెల రాత్రుళ్ళు అత్తమ్మ పక్కన నేను పన్న. కడుపు ఉబ్బి, ఒక దిక్కు ఒరగరాక, గోడ పట్టుకొని కూసుంటుండె. "నాకేమైంది బిడ్డా, మీకందరికి తెలుసు, నాకు చెప్తలేరు" అంటుండె. నేను కడుపుల గడ్డ అత్తమ్మా, గంతే అన్న. మీరు నేర్పిన మాట. ఆమె నా దిక్కు చూసి, ఇగ నన్ను కూడ అడుగుడు బంద్ చేసింది. ప్రశాంతంగ పోలే. ఒక్కతే పోయింది. నొప్పికి ఏమిచ్చిన్రు? ఆ జ్వరం గోలీలే.

మరిది మాట్లాడలేదు.

(అవి తొంభైల సంవత్సరాలు. మార్ఫిన్ నల్లమందు నుంచి తీసేది. నల్లమందును చట్టబద్ధంగా పండించే దేశం మనది. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని లైసెన్సులకూ శిక్షలకూ భయపడి దవాఖానలు మార్ఫిన్ ఉంచుకోవడమే మానేశాయి. 2014లో ఆ చట్టాన్ని సవరించి కొంత సులువు చేశారు. మెహదీ నవాజ్ జంగ్ పేరుతో 1955 నుంచి నడుస్తున్న రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ లాంటివాళ్ళు నొప్పికి వేరే వైద్య విభాగాన్నే నిలబెట్టారు. అక్కడ మొదట అడిగేది: నొప్పి పదికి ఎంత? ఈ ప్రశ్నకు కొడుకో మరిదో జవాబు చెప్పలేడు.)

వదిన: ఇంకొక మాట. పోయినేడు చూపెట్టుకోనీకి పోయినప్పుడు మా చిన్నదాన్ని తీసుకపోయిన. హంసానందిని లేదా, సినిమాలల్ల చేసేది, 2021 డిసెంబర్ల గుండు ఫోటో పెట్టి నాకు రొమ్ము క్యాన్సర్ అని చెప్పింది చూడు. వాళ్ళమ్మ కూడ దాంతోనే పోయింది, జన్యు పరీక్షల తేలింది అని రాసింది. అది చదివి మా చిన్నదానికి బుగులు పట్టింది. డాక్టర్‌ను అడిగిన, నా బిడ్డకు పరీక్ష కావాల్నా అని. ఆయన అడిగిండు: ఇంట్ల ఇంకెవరికన్న ఉండెనా? తండ్రి దిక్కు కూడ లెక్కే అన్నడు. నానమ్మకు కడుపుల ఏదో ఉండె సార్ అన్న. ఏదో అంటే ఏది? జీర్ణాశయమా, పేగా, గర్భసంచా? నాకు తెల్వదు. మీ అన్న ఇప్పుడు లేడు. కాగితాలు లేవు. ఆమెకు దాచిపెట్టిన్రు, దాంతోపాటు మనుమరాలికి కూడ దాచిపెట్టిన్రు.

మరిది: ...అండాశయం.

వదిన: ఏంది?

మరిది: అండాశయం అని చెప్పిన్రు. నాకు, అన్నకు చెప్పిన్రు. కాగితం నేనే చింపేసిన, ఎవరన్న చదివి అమ్మకు చెప్తరని.

వదిన కొలతల పుస్తకం తీసింది. జాకెట్ల కొలతలకు వాడే పొడుగాటి నోటుబుక్కు. ఒక దిక్కు చాతీ, నడుము, చంక, చేతి పొడుగు. వెనక దిక్కు నుంచి తిప్పితే కీమో తేదీలు, జ్వరం అంకెలు, ప్రశ్నలు. వెనక దిక్కు ఒక కొత్త గీత గీసి రాసుకుంది: అత్తమ్మ, అండాశయం. రొమ్ము క్యాన్సర్‌నూ అండాశయ క్యాన్సర్‌నూ ఒకే కుటుంబంలో కలిపే జన్యువులు ఉంటాయి. ఆ కలయిక డాక్టరుకు చాలా పెద్ద వివరం. పాతికేళ్ళకు పైగా అది ఒక మనిషి నోట్లో ఉండిపోయింది.

మరిది: ఎవరూ అడగలే కదా వదినా.

వదిన: అడగనిచ్చిన్రా?

చాలాసేపు మిషను చప్పుడే. మరిదే మళ్ళీ ఎత్తుకున్నాడు, ఓడిపోవడం ఇష్టం లేని గొంతుతో.

మరిది: సరే. చెప్పినం అనుకో. చెప్తే ఆయన చేసేదేముంది? కొయ్యాల్సింది సర్జన్. సంతకం వాళ్ళ పెద్దకొడుకు పెడతడు.

వదిన: కొడుకెందుకు పెడతడు? ఈయన చిన్నపిల్లగాడా? మా చిన్నది ఒక కేసు చదివి వినిపిచ్చింది. ఇక్కడి నిమ్స్‌దే. 1990ల ప్రశాంత్ ధనంక అని ఇంజనీరింగ్ పిల్లగాడు. ఛాతీల గడ్డ. పరీక్ష కోసం తెరుస్తమన్నరు, గడ్డ మొత్తం తీసిన్రు. నరాల సర్జన్‌ను పక్కన పెట్టుకోలే. పిల్లగాడు లేచేసరికి నడుము కింద చలనం లేదు. కుర్చీల కూసొని సుప్రీంకోర్టుల తన కేసు తానే వాదించుకున్నడు. పరీక్షకు ఒప్పుకుంటే తీసేయనీకి ఒప్పుకున్నట్టు కాదని 2009ల తీర్పు. కోటి రూపాయలు ఇయ్యమన్నరు.

మరిది: పందొమ్మిదేండ్లు! కోటి ఇస్తే కాళ్ళు వచ్చినయా?

వదిన: రాలే. అందుకే సంతకం పెట్టకముందే అడగాలె అంటున్న. నేను ఆది జాకెట్ లేకుండ, కొలత తీసుకోకుండ కత్తెర పెడతనా? ఎంత తెలిసిన గిరాకీ అయినా అడుగుత: మెడ ఎంత లోతు, చేతులు ఎంత పొడుగు. నాకు కుట్టు రాక అడుగుతున్ననా? వేసుకునేది ఆమె గనుక.

(అంతకు ఏడాది ముందే, 2008 జనవరిలో, సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఢిల్లీలో ఒక మహిళకు పరీక్ష కోసం మత్తు ఇచ్చారు; ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించుకొని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, తన సంగతి తాను చెప్పుకోగల మేజరు మనిషి తరఫున తల్లి ఒప్పుదల చెల్లదని కోర్టు చెప్పింది. ఇదే పేచీ అమెరికాలో 1974లో నడిచింది. అప్పట్లో అక్కడ గడ్డ పరీక్ష, రొమ్ము తొలగింపు ఒకే మత్తులో చేసేవారు. లేచాక గానీ రొమ్ము ఉందో లేదో తెలిసేది కాదు. రోజ్ కుష్నర్ అనే పాత్రికేయురాలు ముందు పరీక్షే చేయమని పట్టుబట్టింది. 1979లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సమావేశం ఆ రెండు అంగల పద్ధతినే సిఫారసు చేసింది. ఇవాళ జల్‌పల్లి మనిషికి ముందు ముక్క పరీక్ష, తర్వాత మాట, ఆ తర్వాత ఆపరేషన్ అన్న వరుస ఉందంటే దాని వెనక అలాంటి మొండితనం ఉంది.)

వదిన: మీ సడ్డకునిది దవడ. నా వార్డు పక్కన గిదే ఆపరేషన్ అయినాయన ఉండె. కమాండో అంటరు వాళ్ళు. దవడ ఎముక కొంత, నాలుక కొంత తీసి, ఛాతీ కండ తెచ్చి అతికిన్రు. ముక్కుల పైపు, గొంతుకు రంధ్రం. లేచినంక మాట లేదు. చిన్నపిల్లల పలక తెచ్చిచ్చిన్రు. ఆయన మొదటగ ఏం రాసిండో తెలుసా? "ముందు ఎందుకు చెప్పలే." ఆయన పెండ్లాం పలక తుడిచేసింది. మళ్ళ అదే రాసిండు.

మరిది: ...అంత తీస్తరా?

వదిన: ఎంత తీస్తరో నాకు తెల్వదు. నీకు తెల్వదు. అందుకే అడగాలె. నాలుక ఎంత పోతది? అన్నం ఎన్ని దినాలకు? మాట వస్తదా, నేర్పేటోళ్ళు ఉన్నరా? తర్వాత కరెంట్ పెట్టుడు ఉంటే పళ్ళు ముందే చూపెట్టుకోవాల్నా? కరెంట్ పెట్టినంక పన్ను పీకితే దవడ మానదు, గది నాకు వార్డులనే తెలిసింది. గుట్కా ఈ రాత్రే బంద్ చేస్తే కుట్లు మంచిగ మానుతయా? ఇవన్ని ఆయన నోటితోని అడగాలె మరిదీ. ఇంక నోరున్నప్పుడు. రేపటి తర్వాత ఆయన ఎన్ని దినాలు మాట్లాడుతడో లెక్క లేదు. ఆ ఉన్న మాటలు కూడ నువ్వే మాట్లాడుతనంటవా?

మరిది: పారిపోతే?

వదిన: పారిపోతే పోయి పట్టుకొస్తవు. ముప్ఫై ఏండ్లు టికెట్ లేనోళ్ళను పట్టుకున్నోనివి.

మరిది: నీకు ప్రతిదీ ఎకసెక్కమే. నేను ఇప్పటికి కూడ ఒప్పుకుంటలేను. ఒకేసారి అంత చెప్పొద్దు. మనిషిని చూసి, కొంచెం కొంచెం చెప్పాలె. ఎంత అడుగుతడో అంతే చెప్పాలె.

వదిన: ఎంత అడుగుతడో అంత. గది సరే. గాని అడిగింది దాచొద్దు.

మరిది: అడిగింది దాచ. అడగనిది నెత్తిన పొయ్య.

ఇది రాజీనా, అలసటా అన్నది నాకు తేలలేదు. ఇంతలో ఫోన్ మోగింది. సడ్డకుడే. ఫోన్ స్పీకరులో పెట్టే అలవాటు మరిదిది. దిగుతున్న ఇంకో విమానం మోతలో అవతలి గొంతు తెగుతూ వినిపించింది. దవడ వాపుకు మాట ముద్దగా ఉంది.

"అన్నా... రిపోర్టు వచ్చిందంటున్నరు పోరగాండ్లు. నా ముందట గుసగుస పెడుతున్నరు. వచ్చిందా?"

మరిది వదిన వైపు చూశాడు. వదిన కత్తెర తీసుకొని గుడ్డ వైపు తిరిగింది. సాయం చేయలేదు. విమానం పోయేదాకా ఆగాడు.

"వచ్చింది తమ్మీ. నా దగ్గరనే ఉన్నది. ఇంట్ల ఉన్నవా?"

"ఉన్న."

"ఎటు పోకు. నేను వస్తున్న. ఇద్దరం కూసొని చూద్దాం."

ఫోన్ పెట్టేసి ఫైలు చంకన పెట్టుకున్నాడు. వదిన కొలతల పుస్తకం ముందుకు జరిపింది. వెనక దిక్కు తెరిచి, ప్రశ్నలున్న పేజీ పైకి పెట్టింది.

మరిది: వద్దు వదినా, పుస్తకం నీ కాడనే ఉండనీ. అండ్ల అమ్మది రాసుకున్నవ్. ఆయనవి ఆయననే రాసుకోనీ. పెన్ను ఒకటి ఇయ్యి.